ఎడారి సైకిల్ యాత్రకు ముందు నీళ్ల లెక్క

సంపాదకుల వారికి నమస్కారములు.

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, జయపురం ప్రాంతాల్లో గేర్ల సైకిళ్లపై ఘాట్ రోడ్లు ఎక్కే తెలుగు యువకులు కొందరు రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో గైడు వెంట నాలుగైదు రోజులు సాగే మౌంటెన్ బైకింగ్ యాత్రలకు ఉత్సాహపడుతున్నారు. సంతోషమే. అయితే నిర్వాహకులను వారు అడిగే ప్రశ్నలు ధర, గుడారం, ఫొటోల దగ్గరే ఆగిపోతున్నాయి. గైడు ఉన్నాడు గనుక మిగిలినదంతా అతనే చూసుకుంటాడన్న ధీమా తగదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మన దేవమాలి కొండ ఎక్కినవారికి కాళ్ల సత్తువకు కొదవ ఉండదు. కానీ మన కొండల్లో సీసా ఖాళీ అయితే ఏదో ఒక గెడ్డ, ఊట, కాకపోతే ఒక ఊరు తగులుతుంది. పైగా మన తేమ గాలిలో చొక్కా తడిసి, చెమట ఎంత పోతోందో తెలుస్తూనే ఉంటుంది. ఎడారి పొడిగాలిలో అది పట్టినచోటే ఆరిపోతుంది గనుక, దాహం వేసేసరికే ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది.

ఎడారి యాత్రకు నీళ్ల లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో వైట్ రిమ్ రోడ్డు అనే మట్టిబాట ఉంది. సుమారు 160 కిలోమీటర్ల ఆ బాటను సైకిల్‌పై సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో చుట్టివస్తారు. దారిలో తాగునీరు దొరకదు. అనుమతి లేనిదే రాత్రి బస చేయరాదు. బృందంలో 15 మందికి మించరాదు. అటువంటి చోట మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్లు దగ్గర ఉంచుకోవాలంటారు. ఈ లెక్కన ఎనిమిది మందికి నాలుగు రోజులకు 128 లీటర్లు, అంటే 128 కిలోల బరువు; వంట నీళ్లు వేరే. సైకిళ్ల మీద మోయగలిగింది కాదు గనుకనే వెంట జీపు కావాలి. ఆ జీపు రోజంతా బృందాన్ని అంటిపెట్టుకొని ఉంటుందా, లేక పొద్దున్నే సామాను ఎత్తుకొని నేరుగా రాత్రి బసకు చేరిపోతుందా? నా దృష్టిలో డబ్బు కట్టే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. మధ్యాహ్నం వడదెబ్బ తగిలినవాడికి ముప్పై కిలోమీటర్ల ముందున్న జీపు దేనికి పనికొస్తుంది? విదేశీ యాత్రికులు శాటిలైట్ ఫోను ఉంచుకోమని సలహా ఇస్తారు గాని, మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా అది దగ్గర ఉంటే కేసు పెడతారు. కాబట్టి సిగ్నలు లేని చోట ఎవరు ఎవరికి కబురు చేస్తారో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో ముందే తేల్చుకోవాలి.

తిత్లాగఢ్ ఎండలు చూసిన మనకు వేరే ఎండ ఒక లెక్కా అనుకోవద్దు. జోధ్‌పూర్‌కు ఎగువనున్న ఫలోదిలో 2016 మే నెలలో 51 డిగ్రీలు నమోదైంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే యాత్ర పెట్టుకోవాలి. అప్పుడు రాత్రి చలి గట్టిగా ఉంటుంది.

జైసల్మేర్ చుట్టుపక్కల నేల చాలావరకు రాతి, గులకల మైదానం. సామ్, ఖూరీల దగ్గరి ఇసుక తిన్నెలు ఫొటోలకు బాగుంటాయి గాని, మెత్తటి ఇసుకలో మామూలు మౌంటెన్ బైకు టైరు కూరుకుపోతుంది. పల్లేరుకాయల బెడద అక్కడా తప్పదు. సీలెంటు (చిన్న చిల్లులను తనంతట పూడ్చే ద్రవం) పోసిన ట్యూబ్‌లెస్ టైర్లు ఇస్తారో లేదో కనుక్కోవాలి. అంతర్జాతీయ సరిహద్దుకు దగ్గరి ప్రాంతాలకు, డెజర్ట్ నేషనల్ పార్కులోకి అనుమతులు కావాలి. అవి ఎవరు తెస్తారో రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

మీ పర్యాటక పేజీలో ఇటువంటి యాత్రల వివరాలు వేసేటప్పుడు ధరతో పాటు రోజువారీ దూరం, మనిషికి ఇచ్చే నీరు, జీపు సంగతి కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. బుకింగులు దసరా నాటికే జోరందుకుంటాయి గనుక, ఆ లోపే వేస్తే ఉపయోగపడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాయగడ, ఒడిశా