ప్రాక్టికల్ పరీక్షలో పాడైన బోర్డు ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. తుపానుల కాలంలో హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సొంత సెట్టుతో దూరపువాళ్లతో మాట్లాడే అభిరుచి, చేసే మేలు గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయిన సంగతి గుర్తుచేశారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి పోర్ట్‌బ్లెయిర్‌లో సెట్టుతో సిద్ధంగా ఉన్న భారతీ ప్రసాద్ గారు అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి వార్తలు అందించిన సంగతీ రాశారు. చాలా సంతోషం. అయితే వ్యాసం చివర గళ్లలో విదేశీ సెట్ల ధరల పట్టిక ఒకటి వేసి, ఈ అభిరుచి డబ్బున్నవాళ్లకే అన్న అర్థం వచ్చేలా ముగించారు. ఆ పట్టిక చూసిన తండ్రి ఎవరైనా కొడుకు అడిగితే ఏమంటాడో నేను వేరే చెప్పనక్కర్లేదు. అమలాపురంలో చాలా ఏళ్లు రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి, హామ్ లైసెన్సు కూడా ఉన్నవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

ముందు ధర సంగతి. పట్టికలో వేసినవి వంద వాట్ల సెట్లు. చుక్కలూ గీతలతో సందేశం పంపే మోర్స్‌లో అయిదు వాట్లు, మాటలో పది వాట్లు దాటకుండా పనిచేసే పద్ధతి ఒకటుంది. దాన్ని క్యూఆర్‌పీ అంటారు. ఇంగ్లండులో జార్జ్ డాబ్స్ అనే చర్చి ఫాదరు 1974లో ఇలాంటివాళ్లకోసం ఏకంగా ఒక క్లబ్బే పెట్టాడు. వందకూ అయిదుకూ ఇరవై రెట్ల తేడా ఉన్నా, వినేవాడి చెవికి అంత తేడా తెలియదు. సంకేతం బలాన్ని కొలిచే లెక్కలో ఇరవై రెట్లంటే 13 డెసిబెల్స్. రిసీవరు మీటరు మీద గీతకు ఆరు డెసిబెల్స్ లెక్కన రెండు గీతలు, ఇంకొంచెం. అంతే. ఏరియల్ సరిగ్గా ఉంటే 40 మీటర్ల బ్యాండులో, అంటే తరంగం పొడవు సుమారు 40 మీటర్లుండే చోట, పట్టపగలు, అయిదు వాట్ల మోర్స్‌తో అమలాపురం నుంచి హైదరాబాద్ వాళ్లతో మాట్లాడటం మాకు వింత కాదు. విడిభాగాలు తెచ్చుకుని మనమే అతికించుకునే అలాంటి మోర్స్ కిట్టు ఖర్చు కుర్రాళ్లు జేబులో పెట్టుకు తిరిగే మామూలు స్మార్ట్‌ఫోను ధర కూడా ఉండదు.

ఇంకొకటి కూడా మీ వ్యాసంలో రావలసింది. ఇలాంటి కిట్లలో ప్రపంచమంతా పేరు తెలిసిన ఒకటి పుట్టింది హైదరాబాద్‌లోనే. అష్హర్ ఫర్హాన్ గారి బిట్‌ఎక్స్ గురించి చెబుతున్నాను. సుమారు రెండు దశాబ్దాల కిందట ఆయన దాని సర్క్యూట్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. పంపేటప్పుడూ వినేటప్పుడూ అవే యాంప్లిఫయర్లు అటూ ఇటూ పనిచేస్తాయి. విడిభాగాలన్నీ మామూలు దుకాణంలో దొరికేవే. కాయిల్ చుట్టడానికి విదేశీ రింగులు దొరక్కపోతే కుళాయిలో వేసే వాషర్ మీద చుట్టుకోమన్నారు. ఆ మాట చదివిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంకా తగ్గలేదు. నీటి కుళాయి వాషర్ ఏ ఊళ్లో దొరకదు చెప్పండి? హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీ దాకా కూడా పోనక్కర్లేదు.

అయినా ఈ కిట్లు కొన్నవాళ్లలో చాలామంది ఇళ్లలో అవి అటకెక్కుతున్నాయి. కారణం డబ్బు కాదు. పెట్టె మీద రాసినట్టు ఒక సాయంత్రం కూర్చుని అతికేస్తారు, స్విచ్చి వేస్తారు, పనిచేయదు, మళ్లీ పెట్టెలో సర్దేస్తారు. పనిచేయని సెట్టు ముందు కూర్చుని ఏం చేయాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఎలక్ట్రానిక్స్‌లో పట్టా పుచ్చుకున్నవాళ్లకూ నేర్పలేదు. నా అసలు ఫిర్యాదు ఇదే.

మా వీధి కుర్రాడొకడు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు, ఈసీఈ. ఈమధ్యే హామ్ లైసెన్సుతో పాటు వీయూ3తో మొదలయ్యే పిలుపు అక్షరాలు వచ్చాయి. సంక్రాంతి సెలవులకు అట్టపెట్టెలో మోర్స్ కిట్టుతో నా దగ్గరికి వచ్చి, "తాతగారూ, వినపడుతోంది గానీ పంపడం లేదు. చివరి ట్రాన్సిస్టర్ పోయినట్టుంది, కొత్తది తెప్పించనా?" అన్నాడు. ఈ మాట నేను కొట్టు పెట్టిన కాలం నుంచీ వింటున్నాను. ఏది పాడైందో తెలియకముందే ఏది మార్చాలో అందరికీ తెలుసు.

కరెంటు ఇవ్వకుండా ముందు భూతద్దం పెట్టి చూడమన్నాను. తర్వాత మీటరుతో ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య షార్టు లేదని చూశాడు. అప్పుడు మోటారు సైకిలు ఇండికేటర్ బల్బు, 12 వోల్టులది, బ్యాటరీ ప్లస్ తీగకు వరసగా కలిపించాను. ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, బోర్డు బతికిపోతుంది. పాత మెకానిక్కులందరికీ తెలిసిన ఈ చిట్కా ఆ కుర్రాడి పాఠ్యపుస్తకంలో లేదట. బల్బు వెలగలేదు. తీసేసి నేరుగా కలిపాం.

కాలువ చివరి పొలానికి నీరు రాకపోతే మా కోనసీమ రైతు గట్టు వెంట నడుస్తూ నీళ్లు ఎందాకా వస్తున్నాయో, ఎక్కడినుంచి ఆగిపోయాయో చూస్తాడు. సెట్టులోనూ చేయవలసింది అంతే. దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. పాత ట్రాన్సిస్టర్ రేడియోలో ఉండే ఓఏ79 డయోడు ఒకటి, చిన్న కెపాసిటర్ ఒకటి కలిపి మల్టీమీటరు కొసకు తగిలిస్తే రేడియో తరంగం ఉందో లేదో చెప్పే ప్రోబు తయారు. ఏరియల్ బదులు, పంపిన శక్తిని గాలిలోకి పోనివ్వకుండా వేడిగా మార్చేసే డమ్మీ లోడు పెట్టాం. వెయ్యి ఓమ్‌ల అరవాటు రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన కలిపితే సరిగ్గా 50 ఓమ్‌లు, పది వాట్లు తట్టుకుంటుంది. అయిదు వాట్ల సెట్టుకు అది చాలు.

కీ నొక్కి పట్టుకోమని ప్రోబు ఆనించుకుంటూ పోయాను. తరంగం పుట్టే క్రిస్టల్ దగ్గర ఉంది. దాన్ని కొంత పెంచే డ్రైవరు దగ్గర ఉంది. పోయిందని కుర్రాడు తీర్పు చెప్పిన చివరి ట్రాన్సిస్టర్ దగ్గర నిక్షేపంగా ఉంది. ఆ తర్వాతి ఫిల్టరులో మూడు కాయిల్స్. మొదటిది దాటగానే ఏమీ లేదు. కుర్రాడు ఆ కాయిల్ వంక చూసి, "బాగానే అతికాను కదండీ" అన్నాడు. నిజమే, సోల్డర్ నిగనిగలాడుతోంది. బ్యాటరీ తీసేసి మీటరుతో కాయిల్ ఆ కొసనుంచి ఈ కొసకు చూస్తే కలవడం లేదు. రాగి తీగ మీద ఉన్న ఎనామెల్ పొరను గీకకుండానే అతికాడు. సోల్డర్ తీగ చుట్టూ అందంగా కూర్చుంది గానీ రాగిని తాకలేదు. బ్లేడుతో గీకించి, తీగ కొసకు ముందే కొంచెం సోల్డర్ పట్టించి, మళ్లీ అతికించాను. కీ నొక్కితే డమ్మీ లోడు వేలికి వెచ్చగా తగిలింది.

కొట్టులో ఇలాంటివి ఎన్నో చూశాను. చేత్తో కట్టిన కిట్లలో విడిభాగం దానంతటది చెడిపోవడం చాలా అరుదు. గీకని ఎనామెల్, సరిగ్గా అతుక్కోని డ్రై సోల్డర్, రింగు మీద చుట్లు తప్పు లెక్కపెట్టడం, డయోడు తలకిందులుగా పెట్టడం, పది కిలో ఓమ్‌ల చోట వంద కిలో ఓమ్‌లు వేయడం, తొంభై పాళ్లు ఇవే. రింగు మధ్యలోంచి తీగ దూరిన ప్రతిసారీ ఒక చుట్టు అని లెక్క. బయటినుంచి చూసి లెక్కపెట్టేవాళ్లు ఒకటి అటో ఇటో అవుతారు. రిసీవరే మూగగా ఉంటే వాల్యూమ్ కంట్రోలు మధ్య కాలికి స్క్రూడ్రైవరు ఆనించాలి. బుర్రుమంటే స్పీకరు వైపు సగం బాగున్నట్టే, ఇక ఏరియల్ వైపు నడవాలి. తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ పలుకుతోందా అన్న అనుమానం వస్తే షార్ట్‌వేవ్ ఉన్న పాత ట్రాన్సిస్టర్ రేడియో పక్కన పెట్టి ఆ చోటికి తిప్పితే తెలిసిపోతుంది.

చివరి ట్రాన్సిస్టర్ ఐఆర్‌ఎఫ్510 అయితే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అది రేడియో కోసం పుట్టింది కాదు, స్విచ్చింగ్ పనులకు చేసినది. చవకగా దొరుకుతుందని మనవాళ్లు దానితో రేడియో పలికిస్తున్నారు. దాని వీపున ఉన్న లోహపు రేకు లోపల, బ్యాటరీ ప్లస్ వచ్చే డ్రెయిన్ అనే కాలికి కలిసి ఉంటుంది. కరెంటు పారనివ్వని మైకా ముక్క వేయకుండా వేడిని లాగే హీట్ సింకుకు బిగించి, ఆ హీట్ సింకు పెట్టెకు తగిలిందా, బ్యాటరీ నేరుగా షార్టే. ఆ ట్రాన్సిస్టర్ తీసుకునే కరెంటును సర్దే చిన్న తిప్పుడు రెసిస్టర్, బయాస్ ప్రీసెట్ కూడా కరెంటు ఇచ్చేముందే కనిష్ఠానికి తిప్పి ఉంచాలి.

ఆ సాయంత్రం ఇంకో తమాషా జరిగింది. ఏరియల్ కలిపితే స్పీకరంతా రొద. సెట్టు తప్పని కుర్రాడు మళ్లీ దిగాలుపడ్డాడు. అడాప్టరు పీకేసి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టాం, సగం తగ్గింది. ఇంటి మెయిన్ స్విచ్చి ఆపించాను. లోపల సీరియల్ చూస్తున్నవాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయను గానీ, రొద పూర్తిగా పోయి మోర్స్ చుక్కలూ గీతలూ స్పష్టంగా వినిపించాయి. నేరం ఎల్‌ఈడీ బల్బులదీ ఫోను ఛార్జర్లదీ.

ఏరియల్ అంటే కూడా పెద్ద టవర్లు ఊహించుకోకండి. ఇంటి వైరింగు రాగి తీగ ఇరవై మీటర్లు, మధ్యకు కోసి, చెరో పది మీటర్లు రెండు కొబ్బరి చెట్ల మధ్య కడితే 40 మీటర్ల బ్యాండుకు డైపోలు అనే ఏరియల్ తయారు. మధ్యలోంచి దింపడానికి కేబుల్ టీవీ వైరు చాలు. అది 75 ఓమ్‌లది, డైపోలుకు బాగానే నప్పుతుంది. కొబ్బరి చెట్టు గాలికి ఊగుతుంది కాబట్టి తీగ బిగించి కట్టకూడదు. నైలాన్ తాడును కప్పీ మీదుగా వేసి, చివర ఇటుక వేలాడదీస్తే చెట్టు ఎంత ఊగినా తీగ తెగదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో మా దగ్గర చెట్లే కూలిపోయాయి, అది వేరే సంగతి. చెట్లు లేకపోతే మేడ మీద గడకర్ర ఒకటి చాలు. కంపెనీ సెట్టు పాడైతే బాగుచేసేవాడు ఏ మహానగరంలోనో ఉంటాడు. తుపాను తర్వాత రోడ్లన్నీ తెగిపోయి ఉన్న వారంలో చేతిలో ఉన్న సెట్టు లోపలి తీగ ఏది ఎక్కడికి పోతుందో తెలిసినవాడే అక్కరకొస్తాడు.

ఇప్పుడు చదువుల సంగతికి వస్తాను. ఆ కుర్రాడు చదివే కళాశాల పేరు రాయను. అక్కడి ప్రయోగశాలలో ట్రైనర్ కిట్లు ఉన్నాయట. పైన గాజు మూత, కింద సర్క్యూటు, ప్యాచ్ తీగలు గుచ్చడం, రీడింగు రాసుకోవడం. రీడింగులు ఏటా అవే కాబట్టి పై తరగతివాళ్ల రికార్డు పుస్తకం ముందుంచుకుని రాసేస్తారట. గాజు మూత తీయడానికి అనుమతి లేదు. అంటే నాలుగేళ్లూ వాళ్లు చూసేది బాగున్న సర్క్యూటునే. పాడైనది ఎలా ఉంటుందో పట్టా చేతికొచ్చాక, ఎవరి ఉద్యోగంలోనో, ఎవరి ఖర్చుతోనో చూస్తారు.

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికలు రాసే పెద్దలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ప్రాక్టికల్ పరీక్షలో బల్ల మీద పాడైన బోర్డు పెట్టండి. చిన్న రిసీవరు కిట్టు చాలు. ల్యాబ్ అసిస్టెంటు ముందురోజు ఒక కెపాసిటర్ కాలు ఎత్తేసినా, ఒక రెసిస్టర్ మార్చేసినా ప్రశ్నపత్రం తయారైపోతుంది. మర్నాడు మళ్లీ అతికేస్తే అదే బోర్డు ఏళ్లతరబడి వస్తుంది, కాబట్టి ఖర్చు మాట ఎవరూ ఎత్తలేరు. మార్కులు లోపం దొరికినందుకు కాకుండా వెతికిన దారికి వేయండి. ముందు ఏమి చూశాడు, అది చూసి ఏ సగాన్ని అనుమానం నుంచి తప్పించాడు, తర్వాత ఎటు వెళ్లాడు, ఇవన్నీ విద్యార్థి వరసగా కాగితం మీద రాయాలి. గంటలో లోపం దొరక్కపోయినా దారి సరైనదైతే వాడు ప్యాసు. అదృష్టం కొద్దీ మొదట ముట్టుకున్నదే మార్చి గెలిచినవాడికి సగం మార్కులే వేయండి. అధ్యాపకులు ఒప్పుకోరని నాకు తెలుసు. పిల్లలు ఎదురు ప్రశ్నలు వేస్తే తామూ ఆ బోర్డు ముందు కూర్చోవలసి వస్తుంది కదా!

మీకు విన్నపం వేరు. ధరల పట్టిక వేసిన చోటనే ఒక చిన్న సవరణ వేయండి. ప్రసారం చేయాలంటే కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు తప్పనిసరి అనీ, పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా పరీక్ష రాయవచ్చనీ, వివరాలకు హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉందనీ అందులో చెప్పండి. కిట్టు కట్టి వినడంతో మొదలుపెట్టమని కూడా రాయండి. ఈ ప్రాంతంలో అటకెక్కిన కిట్లు ఉన్నవాళ్లు ఎవరైనా మీకు ఉత్తరం రాస్తే నాకు పంపించండి. కొట్టు మూసేశాను గానీ బల్ల, ఐరన్, ఓఏ79 డయోడ్లు ఇంకా ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్,
అమలాపురం.

తా.క.: వ్యాసంతో వేసిన ఫొటోలో అమ్మాయి సోల్డరింగ్ ఐరన్‌ను పిడి వదిలేసి ముందువైపు లోహపు గొట్టం దగ్గర పట్టుకుని నవ్వుతోంది. కరెంటు ఇచ్చి ఉంటే ఆ నవ్వు ఉండదు. ఈసారి దయచేసి ఆ ఫొటో మార్చండి.