బరంపురం తెలుగు ఓటు ‘బ్యాంకు’ కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

దక్షిణ ఒడిశాలోని తెలుగు ఓటర్లు గాలివాటుగా పార్టీలు మారుస్తున్నారంటూ ఇటీవల మీ పత్రికలో వచ్చిన విశ్లేషణ చదివాను. అమెరికాలో నల్లజాతివారు, దక్షిణాది తెల్లవారు పార్టీలు తారుమారు చేసుకున్న సంగతిని కూడా అందులో ఒక్క వాక్యంలో ఉదాహరణగా చూపి వదిలేశారు. నలభై ఏళ్లుగా బరంపురంలో ఓటు వేస్తున్న తెలుగువాడిగా నాకు ఈ రెండింటిమీదా అభ్యంతరం ఉంది.

ఆ ఉదాహరణ నిజానికి మీ వ్యాసకర్త వాదానికి ఎదురు తిరుగుతుంది. బానిస విముక్తి ప్రకటించిన లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ కనుక, 1870 నాటి రాజ్యాంగ సవరణతో ఓటు హక్కు పొందిన నల్లజాతివారు ఆ పార్టీ వెంట నిలిచారు. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది తెల్లవారు డెమోక్రాట్లను అంటిపెట్టుకున్నారు. ఆర్థిక మాంద్యంలో డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పని చూపించి, సాయం అందించడంతో 1936 నాటికి నల్లజాతి ఓటర్లలో అధికభాగం డెమోక్రాట్ల వైపు వచ్చేశారు. దక్షిణాదిలో అదే పార్టీవారు తమను పోలింగు కేంద్రం గడప తొక్కనివ్వని రోజుల్లో ఇది జరిగిందని గుర్తుంచుకోవాలి. 1964లో డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టంపై సంతకం చేశారు. ఆ బిల్లును సెనేట్‌లో వ్యతిరేకించిన గోల్డ్‌వాటర్ అదే ఏడాది రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిగా దేశమంతటా చిత్తుగా ఓడిపోయి కూడా, తన సొంత అరిజోనా కాక దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు గెలిచారు. మిసిసిపీలో ఆయనకు 87 శాతం ఓట్లు పడ్డాయి. అక్కడి తెల్లవారి అభిప్రాయాలు రాత్రికి రాత్రి మారలేదు, వాళ్లు నమ్ముకున్న పార్టీయే వాళ్లకు నచ్చని దారి పట్టింది. ఇంకో విశేషం ఏమిటంటే, అధ్యక్ష ఎన్నికల్లో అలా తిరగబడిన అలబామాలో రాష్ట్ర చట్టసభ మాత్రం 2010 దాకా డెమోక్రాట్ల చేతిలోనే ఉంది. ఊళ్లో తెలిసిన నాయకుణ్ని వదులుకోవడం అంత తేలిక కాదు కదా.

మా బరంపురం లోక్‌సభ స్థానం కథ ఇంత పెద్దది కాకపోయినా తీరు అదే. 1996లో పి.వి. నరసింహారావు గారు నంద్యాలతో పాటు ఇక్కడా గెలిచి, ఈ స్థానాన్నే ఉంచుకున్నారు. ‘మనవాడు’ అన్న ఒక్క మాటకే ఆనాడు మా వీధి వీధంతా కదిలింది. దాపరికం ఎందుకు, నేనూ ఆ మాటకే ఓటేశాను. ఆ మాట బలం ఎంతోకాలం నిలవలేదు. 1999లో బీజేపీ, 2004లో మళ్లీ కాంగ్రెస్, 2009 నుంచి వరుసగా మూడుసార్లు బిజూ జనతాదళ్, 2024లో తిరిగి బీజేపీ ఇక్కడ గెలిచాయి. వీటిలో ఏదీ తెలుగువారి పార్టీ కాదు.

2008లో, బిజూ జనతాదళ్ నాయకుడు నవీన్ పట్నాయక్ ముఖ్యమంత్రిగా ఉండగా, కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఆ తరువాతి ఎన్నికలో అక్కడి మత్స్యకారుల పల్లెలో ఎండుచేపలు తిరగేస్తున్న ఒక పెద్దామెను, పూర్వం హస్తానికి వేసేవాళ్లు కదా అని అడిగితే, ‘అప్పుడేసినాం బావూ, గాలొచ్చిననాడు బియ్యం ఎవుడు తెచ్చినాడో ఇప్పుడు వోడికేత్తాం’ అంది. దీన్ని గాలివాటు అనడానికి నాకు నోరు రాదు.

2024 సంగతి మరీ ఆలోచింపజేసేది. నవీన్ పట్నాయక్‌కు కుడిభుజంగా నిలిచిన, తమిళనాడులో పుట్టిన మాజీ అధికారి పాండ్యన్ పెత్తనాన్ని లక్ష్యంగా చేసుకుని, బీజేపీ ‘ఒడియా అస్మిత’ (ఒడియా ఆత్మగౌరవం) పేరిట ప్రచారం చేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడే మాకు ఆ నినాదం వినడం కొంత ఇబ్బందే. అయినా నాకు తెలిసిన ఇళ్లలో చాలావాటిలో కమలానికే ఓటు పడింది. వారిని కదిపింది అస్మిత కాదు, సూరత్ రైలెక్కిన కొడుకు ఇన్నేళ్లయినా తిరిగొచ్చి చేసుకోవడానికి ఇక్కడ పని లేదన్న విసుగు. బీజేపీ రాష్ట్ర శాసనసభలోని 147 స్థానాల్లో 78 గెలిచి అధికారం చేపట్టాక, ఈ ఫలితాన్ని అస్మిత ఖాతాలో వేసినవాళ్లు మా పేటలకు వచ్చినట్టు లేరు. 2019లో ఒకే రోజు, ఒకే గదిలో, రాష్ట్రానికి బిజూ జనతాదళ్ గుర్తు శంఖాన్నీ ఢిల్లీకి కమలాన్నీ నొక్కినవారు మా వీధిలోనే ఉన్నారు. వారిని ఏ బ్యాంకులో జమ వేస్తారు?

వచ్చే ఎన్నికల విశ్లేషణకు మీ విలేఖరిని పంపేటప్పుడు ‘తెలుగు ఓటు ఎటు?’ అన్న ప్రశ్నతో పంపవద్దని మనవి. మా పేట తెలుగు బడిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలి స్థానంలో ఇప్పటికీ ఎవరూ రాలేదు. మా మనవరాలి తరగతి మొత్తం ఈ ఏడాది ఒడియా బడికి మారిపోయింది. ఆ సంగతి ఏ అభ్యర్థి ప్రస్తావించాడో, ఎవరు విననట్టు వెళ్లిపోయారో అడగమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.