వార్షిక నివేదిక: ఆకాశంలో ఆంక్షలు, మన సంఘం పని

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడాది మనకు వచ్చిన ఫోన్లలో, మెసేజీల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. అది అమెరికాలో భద్రత కారణంగా మనలాంటి వాళ్ల సొంత విమానాల మీద పెడుతున్న గగనతల ఆంక్షలు. హ్యాంగర్ అద్దె గురించో ఇన్సూరెన్స్ గురించో అడగడానికి ఫోన్ చేసినవాళ్లు కూడా చివరికి ఈ మాటే ఎత్తారు. అందుకని ఈసారి మిగతా పనులను క్లుప్తంగా చెప్పి, దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

కొత్త సభ్యుల కోసం ముందు కొంచెం నేపథ్యం. 2001 సెప్టెంబర్ 11 దాడుల రోజున అమెరికాలో పౌర విమానాలన్నిటినీ కిందికి దించేశారు. ఎయిర్‌లైన్లు కొద్ది రోజుల్లోనే మళ్లీ ఎగిరాయి. చిన్న విమానాలు, ఫ్లయింగ్ స్కూళ్లు మాత్రం చాలాచోట్ల వారాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. 2003 ఫిబ్రవరిలో వాషింగ్టన్ చుట్టూ ఒక రక్షణ మండలం పెట్టారు. తాత్కాలికమని అందరూ అనుకున్న ఆ ఏర్పాటు 2009 ఫిబ్రవరిలో శాశ్వత నిబంధనగా మారింది. అక్కడి రీగన్ విమానాశ్రయంలోని వీఓఆర్ (విమానాలకు దారి చూపే రేడియో స్టేషన్) కేంద్రంగా 30 నాటికల్ మైళ్ల వరకు, నేల నుంచి 18,000 అడుగుల లోపు దాకా దాని పరిధి. ముందుగా ఫ్లైట్ ప్లాన్ వేయాలి, కంట్రోలర్‌తో రేడియో సంబంధం ఉండాలి, మనకంటూ ఇచ్చిన కోడ్‌ను ట్రాన్స్‌పాండర్‌లో, అంటే రాడార్‌కు మన విమానాన్ని గుర్తుపట్టించే పరికరంలో పెట్టుకోవాలి. మిగతా చోట్ల మామూలుగా పెట్టుకునే 1200 కోడ్ ఇక్కడ పెడితే తప్పు. ఇక మధ్యలో ఉన్న చిన్న వలయంలోకి వేలిముద్రలు, నేపథ్య పరిశీలన పూర్తయిన పైలట్లకే ప్రవేశం. 1909లో మొదలై నేటికీ నడుస్తున్న కాలేజ్ పార్క్ విమానాశ్రయం ఆ వలయంలోనే ఉంది. విల్బర్ రైట్ సైనికాధికారులకు విమానం నడపడం నేర్పింది అక్కడే. ఇప్పుడు అక్కడికి సరదాగా ఒక పూట వెళ్లొద్దామనుకున్నా ముందు ఆ పరిశీలన పూర్తి చేసుకోవాలి.

మనం భద్రతకు వ్యతిరేకం కాదని ఇక్కడే చెప్పాలి. 2005 మే 11న దారి తప్పిన ఒక సెస్నా 150 ఆ వలయంలోకి వచ్చేసినప్పుడు వైట్‌హౌస్‌ను, పార్లమెంటు భవనమైన క్యాపిటల్‌ను ఖాళీ చేయించారు. ఫైటర్ జెట్లు వెంట వెళ్లాయి. కింద పరుగులు తీసిన జనానికి ఆ క్షణంలో అది దారి తప్పిన విమానమో, దాడికి వచ్చిన విమానమో తెలిసే వీలు లేదు. ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఆ విమానం మనుషులతో, ఇంధనంతో కలిపి 1,600 పౌండ్లు దాటని రెండు సీట్ల బండి అన్నది కూడా నిజమే. ఇంత చిన్న విమానం నిజంగా ఎంత ముప్పు తేగలదు, దానికి ఎంత కట్టడి అవసరం అన్న లెక్క తేల్చమని అడిగితే, అది దేశభక్తికి విరుద్ధమన్నట్టు చూడటం బాధగా ఉంది.

సభ్యులను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి తాత్కాలిక ఆంక్షలు, అంటే మనం టీఎఫ్‌ఆర్ అనుకునేవి. అధ్యక్షుడు ఎక్కడికి వెళ్తే అక్కడ మామూలుగా 30 నాటికల్ మైళ్ల వలయం, అందులో 10 మైళ్ల లోపలి వలయం వస్తాయి. లోపలి వలయంలో మన విమానాలకు దాదాపు చోటు లేనట్టే. బయటి వలయంలో ఎగరనిస్తారు గానీ శిక్షణ కుదరదు, ప్రాక్టీస్ అప్రోచ్‌లు (రన్‌వే వైపు దిగే సాధన) కుదరవు, ఒకేచోట తిరగడానికి వీల్లేదు. గ్లైడర్లు, పారాచూట్ దూకుళ్లు, బ్యానర్ లాగే విమానాలు, పొలాలకు మందు చల్లే విమానాలు అన్నీ ఆగిపోతాయి. కాగితం మీద ఇది ఒక వారాంతం. ఫ్లయింగ్ స్కూల్ నడిపే మన సభ్యులకు మాత్రం వారం మొత్తం సంపాదన వచ్చేది ఆ రెండు రోజుల్లోనే. ఒక విద్యార్థికి మొదటి సోలో, అంటే గురువు లేకుండా ఒంటరిగా ఎగరడం, ఇలా పదే పదే వాయిదా పడింది. వాతావరణం బాగున్న రోజున ఆంక్ష, ఆంక్ష లేని రోజున ఈదురుగాలి. చివరికి ఆ అబ్బాయి ఫీజు వెనక్కి అడిగి వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టలేం.

స్టేడియాల సంగతి ఇంకా చికాకు. 30,000 మంది, అంతకంటే ఎక్కువ పట్టే స్టేడియంలో పెద్ద లీగ్ బేస్‌బాల్, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్, అగ్రశ్రేణి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు జరుగుతుంటే, గంట ముందు నుంచి గంట తర్వాత వరకు 3 నాటికల్ మైళ్ల లోపల, నేల నుంచి 3,000 అడుగుల ఎత్తు దాకా ఎగరకూడదు. సరే, జనం గుమిగూడిన చోటు. కానీ ఏ మ్యాచ్ ఎప్పుడో ఆ ఆంక్షను ప్రకటించే నోటమ్‌లో (పైలట్లకు ఇచ్చే అధికారిక ప్రకటనలో) ఉండదు. పైలటే ఆటల షెడ్యూల్ వెతుక్కోవాలి. వాన వల్ల ఆట ఆలస్యమైనా, బేస్‌బాల్ ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కు వెళ్లినా ఆంక్ష దానంతట అదే సాగుతుంది. గాల్లో ఉన్నవాడికి స్కోరు ఎవరు చెబుతారు? లైసెన్సు పోగొట్టగల నిబంధన మొదలయ్యే వేళను, ముగిసే వేళను ప్రభుత్వమే ప్రకటించాలన్నది ఈ ఏడాది మన ప్రధాన డిమాండ్.

ఒక సభ్యుడి అనుభవం ఆయన అనుమతితో ఇక్కడ రాస్తున్నాం. వాషింగ్టన్ మండలంలోకి రావడానికి ఆయన పద్ధతి ప్రకారం ప్లాన్ వేశారు, నంబర్ రాసుకున్నారు, సరిహద్దుకు చేరేముందే పిలిచారు. "మీ ప్లాన్ నాకు కనపడటం లేదు, బయటే ఉండండి" అన్నారు కంట్రోలర్. ఆయన ఒక నీళ్ల ట్యాంకును గుర్తుగా పెట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ ఉన్నారు. ఒక కన్ను ఫ్యూయల్ గేజ్ మీద, ఒక కన్ను జీపీఎస్‌లోని ఆ సరిహద్దు గీత మీద. గాలి ఆయన్ని లోపలికే నెడుతోంది. రెండోసారి పిలిచినా అదే జవాబు. ఇక టెన్షన్ పెట్టుకోవడం ఎందుకని బయట ఉన్న ఒక చిన్న ఫీల్డ్‌లో దిగి, ఫోన్‌లో మళ్లీ ప్లాన్ వేసి, చీకటి పడుతుండగా ఇంటికి చేరారు. మొదటి ప్లాన్ ఎక్కడ ఆగిపోయిందో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు. ఆయన చేసిందంతా సరైనదే. అలాంటి పరిస్థితి వస్తే సభ్యులందరూ అలాగే దిగిపోవాలని కోరుతున్నాం.

ఇక మనం చేసిన పనులు. రీగన్ విమానాశ్రయంలోని ఆ వీఓఆర్ నుంచి 60 నాటికల్ మైళ్ల లోపల వీఎఫ్‌ఆర్‌లో (కంటితో చూస్తూ నడిపే నిబంధనల కింద) ఎగిరే ప్రతి పైలట్‌కూ తప్పనిసరైన ప్రత్యేక శిక్షణను సభ్యులతో కలిసి కూర్చుని పూర్తి చేయించాం. సర్టిఫికెట్ కాపీ వెంట ఉంచుకోండి. ఆ క్లాసులో చాలామందికి కొత్తగా తెలిసిన విషయం ఒకటుంది: వాషింగ్టన్ మండలం కోసం వేసే ప్లాన్ గాలింపు, రక్షణ కోసం పనికిరాదు. మీరు చేరకపోతే దాన్ని చూసి వెతకడానికి ఎవరూ రారు. దానికి మామూలు వీఎఫ్‌ఆర్ ప్లాన్ విడిగా వేయాలి. కింది నుంచి ఎరుపు, ఎరుపు, పచ్చ లేజర్ కాంతి మీ మీద పడితే అది హెచ్చరిక. వెంటనే కంట్రోలర్‌తో మాట్లాడండి. ఎవరితోనూ సంబంధం లేకపోతే ఆ మండలానికి దూరంగా మళ్లి, అత్యవసర రేడియో ఫ్రీక్వెన్సీ 121.5 మీద పిలవండి.

ట్యాబ్లెట్‌లో కనిపించే టీఎఫ్‌ఆర్ బొమ్మల మీద మాత్రమే ఆధారపడవద్దని మళ్లీ చెబుతున్నాం. అవి అసంపూర్తిగా ఉండొచ్చు. బయల్దేరే ముందు పైలట్లకు సమాచారం ఇచ్చే ఫ్లైట్ సర్వీస్‌కు ఫోన్ చేసి బ్రీఫింగ్ తీసుకోండి, ఆ సమయం నోట్ చేసుకోండి. తెలియక గీత దాటితే 10 రోజుల్లోపు నాసా నడిపే విమాన భద్రతా నివేదికల కార్యక్రమానికి నివేదిక పంపండి. ఉల్లంఘన నమోదైనా, కావాలని చేసింది కాకపోతే లైసెన్సు సస్పెన్షన్ నుంచి అది కాపాడే అవకాశం ఉంది. ఈ ఒక్క సంగతి తెలియక నష్టపోయినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. అందుకే ఫారం ఎలా నింపాలో ఒక సాయంత్రమంతా కూర్చుని చూపించాం.

వాట్సాప్‌లో మొదలుపెట్టిన ఆంక్షల హెచ్చరికల గ్రూపు బాగా నడుస్తోంది. తెల్లవారుజామునే లేచి నోటమ్‌లు చదివి పెడుతున్న సభ్యులకు కార్యవర్గం ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెబుతోంది. ఖాతాల ఆడిట్ పూర్తయింది. కోశాధికారి గారి పట్టిక సమావేశంలో అందరికీ ఇస్తాం. రన్‌వే పక్కన కంచె బాగుచేశాం, పిల్లలను విమానం ఎక్కించే కార్యక్రమం ఎప్పటిలాగే జరిగింది.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ఒక విజ్ఞప్తి తయారుచేసింది. స్టేడియం ఆంక్షల వేళలను నోటమ్‌లోనే ఇవ్వాలి. అధ్యక్షుడి పర్యటన ఆంక్షలు మారితే బయల్దేరే పైలట్‌కు చేరేలా ముందే చెప్పాలి. బయటి వలయంలో, కంట్రోలర్ పర్యవేక్షణలో ప్రాథమిక శిక్షణకైనా అనుమతించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి శాశ్వత ఆంక్షకూ ఒక సమీక్ష తేదీ ఉండాలి. ఎందుకు పెట్టారో, ఇంకా ఎందుకు కావాలో ఆ తేదీన పెట్టినవాళ్లే వివరించాలి. వాషింగ్టన్ మండలానికి అలాంటి తేదీ ఉండి ఉంటే, ఈ ఇన్నేళ్లలో కనీసం దాని హద్దుల మీదైనా చర్చ జరిగేది.

ఈ విజ్ఞప్తి సర్వసభ్య సమావేశంలో ఆమోదానికి వస్తుంది. ఈ ఏడాది ఆంక్షల వల్ల రద్దయిన పాఠాలు, ఆగిన ప్రయాణాలు, పోయిన ఆదాయం వివరాలను మీ లాగ్‌బుక్ ప్రకారం రాసి సమావేశానికి ముందే కార్యదర్శికి అందజేయండి. పేర్లు తీసేసి విజ్ఞప్తికి జతచేస్తాం.

— కార్యవర్గం తరఫున, కార్యదర్శి