కొబ్బరి రేటు పక్కన రెండు లైన్లు వెయ్యండి సార్

సంపాదకులు గారికి నమస్కారం,

జిల్లా పేజీలో అంబాజీపేట కొబ్బరి రేటు, రొయ్య కౌంటు రేటు, కంటి శిబిరం, గుళ్ళో అన్నదానం అన్నీ వేస్తారు కదండీ, ఆ మూలనే మందు మానాలనుకునేవాళ్ళ మీటింగులు ఏ ఊళ్ళో ఏ రోజు ఎన్నింటికో రెండు లైన్లు వెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం. మాది సఖినేటిపల్లి వైపు. పేరు ఎందుకు రాయలేదో కింద చెప్తాను.

నేను మానేసి ఏడాది దాటిందండి. అంతకుముందు మానలేదా అంటే బోల్డు సార్లు మానేను. అయ్యప్ప మాల మూడు సార్లు వేసేను, 41 రోజులూ సీసా వైపు కూడా చూళ్ళేదు, మాల తీసిన సాయంత్రమే మళ్ళీ క్వార్టరు. దేవుడంటే భయం లేదురా నీకు అన్నారు ఊళ్ళో. ఇప్పుడు ఆలోచిస్తే భయం ఒక్కటే కాదనిపిస్తుంది, తెల్లారగట్ట చన్నీళ్ళ స్నానానికి పక్కన పదిమంది స్వాములుండేవారు, రోజూ తాగే టైముకి సరిగ్గా నేను పీఠంలో భజనలో ఉండేవాణ్ణి. మాల తీసేక ఎవరిళ్ళకి వాళ్ళు పోయేరు, నా సాయంత్రం ఖాళీ అయిపోయింది. మధ్యలో మా ఆవిడ ఎవరో చెప్పేరని చేపల పులుసులో ఏదో పొడి కూడా కలిపి పెట్టింది లెండి, రెండ్రోజులు వాంతులు, మూడోరోజు మామూలే.

ఈ మీటింగుల సంగతి ఓ డాక్టరు గారు చెప్పేరు. ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఓ షేర్ల బ్రోకరు, ఓ సర్జను, ఇద్దరూ తాగుబోతులే, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటూ మొదలెట్టేరట. సరే వెళ్దామంటే ఎక్కడని వెళ్ళాలి, బోర్డు ఉండదు, గోడ మీద రాత ఉండదు. గోదావరి అవతల పట్నంలో ఫలానా స్కూలు వెనక గది అన్నారు, రెండు సార్లు చుట్టూ తిరిగేను. కిళ్ళీ కొట్టువాణ్ణి అడుగుదామంటే ఏమని అడగాలి చెప్పండి, తాగుబోతుల మీటింగు ఎక్కడ బాబూ అనా? బ్రాందీ షాపుకి దారి అడగడానికి ఏనాడూ సిగ్గుపడలేదు గానీ దీనికి మాత్రం నోరు రాలేదు. టీ కొట్టు దగ్గర అరగంట నిలబడ్డాను, ఒకాయన వచ్చి రండి గురువుగారూ, నేనూ మొదటి రోజు ఇక్కడే నించుని రెండు టీలు తాగేను అన్నాడు.

లోపల ఉపన్యాసాలేం లేవండి. పది పన్నెండు కుర్చీలు, ఒక్కొక్కళ్ళూ పేరు చెప్పి నేను ఆల్కహాలిక్‌ని అని వాళ్ళ కథ వాళ్ళు చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు, అది నాకు భలే నచ్చింది, ఎందుకంటే సలహాలు ఇంట్లో బోల్డున్నాయి. జన్మలో ముట్టనని ఒట్టు వెయ్యక్కర్లేదు, ఈ ఒక్క రోజు తాగకు అంటారంతే. ఫీజు లేదు, ఆధార్ లేదు, ఇంటిపేరు అడగరు. డబ్బా ఒకటి తిప్పుతారు, పది వేస్తే వేశాం లేకపోతే లేదు, బయటివాళ్ళు చందా ఇస్తామన్నా తీసుకోరు. ఇంట్లోవాళ్ళకి వేరేగా అల్-అనాన్ అని ఉంది, అది 1951 నుంచీ ఉంది, మా ఆవిడకి మొన్నటిదాకా ఆ ముక్కే తెలీదు, మా దగ్గర్లో ఉంటే ఎంత బావుణ్ణు.

మాకు అసలు బాధ రాకపోకలు. మీటింగు అయ్యేసరికి చీకటి పడిపోతుంది, నర్సాపురం రేవులో పంటు, అదే గోదావరి దాటించే పడవ, దొరక్కపోతే చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి రావాలి, వరదలప్పుడు పంటే ఉండదు. ఫోన్లో ఆన్‌లైన్ మీటింగులున్నాయి గానీ రెండు గదుల ఇంట్లో పిల్లలు వింటుండగా ఏం మాట్లాడతాం? ఆదివారం పగటిపూట మీటింగు ఎక్కడుందో ముందే తెలిస్తే మా లంకల్లోంచి నలుగురం కలిసి ఆటో మాట్లాడుకుని వెళ్తాం.

ఇంకోటి, దయచేసి ఇది కూడా వెయ్యండి. రోజూ పొద్దున్నే చెయ్యి వణికి తాగేవాళ్ళు పట్టుదల కొద్దీ ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. మా ఊరి కుర్రాడొకడు అలాగే ఆపేడు, ఫిట్స్ వచ్చింది, లేనివాళ్ళెవరో కనిపిస్తున్నారని కేకలు, గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళేరు, టైముకి ఆస్పత్రికి చేర్చబట్టి బతికేడు. ముందు డాక్టరు, తర్వాత మీటింగు. తాగుడు మానాలనుకునేవాళ్ళకి గవర్నమెంటు వాళ్ళ టోల్ ఫ్రీ నంబరు 14446 ఉంది, డబ్బు పడదు.

పేరు సంగతి. పేపర్లో, టీవీలో మా పేర్లూ ఫోటోలూ రాకూడదని వాళ్ళ పద్ధతి, అందుకే రాయలేదు. మీటింగు ఊరూ టైమూ వెయ్యడానికి మాత్రం ఏ అడ్డూ లేదండి. గదులు మారుతూ ఉంటాయి కాబట్టి మీ విలేకరి గారు వారానికోసారి ఫోన్ చేసి కనుక్కుని వేస్తే మంచిది, లేకపోతే నాలాగే జనం స్కూలు చుట్టూ తిరుగుతారు. వీలైతే పక్కనే ఆఖరి పంటు ఎన్నింటికో కూడా వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సఖినేటిపల్లి మండలం