ఆ ఇరవై రూపాయలు నీకు బాకీ మామా

రేయ్ మామా,

ఎట్లుండావ్? వాట్సాప్‌లో పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి కొట్టి పక్కన పడేస్తావని తెలుసు, అందుకే ఈసారి కూచోని పెద్ద మెయిలే కొడతాండా. టీ పెట్టుకోని చదువు.

ముందు ఒక తప్పు ఒప్పుకోవల్ల. ఆరో తరగతిలో మా ఇంటి వసారాలో, తులసికోట పక్క నాపరాయి మీద నల్లగా కొమ్మలు కొమ్మలుగా ఒక గుర్తు ఉండేది కదా. అది కోట్ల ఏండ్ల నాటి ఆకు, రాయైపోయింది అని నేను, కాదు ఎవడో ఇంకు ఒలకబోసినాడు అని నువ్వు, ఇరవై రూపాయలు పందెం కట్టి సైన్స్ సార్‌ను పంచాయితీకి పిలిస్తే ఆయన వంగి చూసి ఆకే రా అన్నాడు, నువ్వేమో తిరనాలకు దాచుకున్న దుడ్డు మూతి ముడుచుకోని ఇచ్చేసినావు. మామా, అది ఆకు కాదు. ఇంకు కూడా కాదనుకో, అయినా పందెం నేను గెలవలా.

ఎట్ల తెలిసిందంటే, మొన్న ఉగాదికి ఊరికి పోయినా, వసారాలో టైల్స్ వేస్తామని నాన్న బండలన్నీ పీకిస్తాండాడు. మన బండ మాత్రం పక్కన పెట్టించినా. జియాలజీ చదివిన పిల్లోడు ఒకడు, మా తమ్ముడి ఫ్రెండు, ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. గొప్పగా చూపిస్తే నవ్వినాడు. అన్నా, ఇది డెండ్రైట్, నీళ్లలో కరిగిన మాంగనీస్, ఇనుము రాయిలో సన్న పగులు పట్టుకోని పాకి, కొమ్మలు కొమ్మలుగా గడ్డకడతాది, ప్రాణానికీ దీనికీ సంబంధం లేదు అన్నాడు. నేను ఒప్పుకోలా. టార్చ్ వేసి చూడమన్నాడు. చూస్తే నిజమే, ఆకుకుండే నడిమి ఈనె లేదు, తొడిమె లేదు, ఆ కొమ్మలన్నీ బండ అంచున వెంట్రుకంత పగులు నుంచే మొదలైనాయి. ఇన్నేండ్లు దాని మీద కూచోని అన్నం తిన్యా, ఒక్కసారి కూడా సరిగ్గా చూడలా. పైగా ఇంకో మాట అన్నాడు, దాంతో నా నోరు మూతపడింది: మన కర్నూలు నాపరాయి సముద్రం అడుగున చేరేనాటికి నేల మీద అసలు మొక్కే పుట్టలేదంట! లేని చెట్టుకు ఆకు యాడిది?

నా మొహం చూసి జాలేసిందో ఏమో, అసలుది చూపిస్తా రాన్నా అని మరుసటి రోజు కడప జిల్లా వేంపల్లె దిక్కు తీసకపోయినాడు. ఎండ చంపేసింది. గుట్ట ఎక్కి ఒక బూడిద రంగు బండ దగ్గర నిలబెట్టి ఇదే అన్నాడు. నాకేం కనపడలా, మామూలు బండ. అప్పుడు బాటిల్‌లో నీళ్లు దాని మీద పోసినాడు చూడు, ఆరిన రాయి తడవంగానే లోపల్నుంచి గీతలు లేసొచ్చినాయి, క్యాబేజీని అడ్డంగా కోస్తే ఉంటాది చూడు, అట్లా ఒకదాని మీద ఒకటి వంపు తిరిగి, ఒక్కో గుబ్బ దోసిలంత. గోటితో లెక్కపెట్టబోతే ముప్పై దాటినాంక తప్పిపోయినా. ఒక్క నిమిషం, మళ్లా ఆరిపోయి మామూలు బండ.

వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. చెరువులో పాచి తెలుసు కదా, అట్లాంటి సైనోబ్యాక్టీరియా లోతు లేని సముద్రంలో జిగటగా పరుచుకోని ఉండేదంట. సన్న బురద, సున్నం ఆ జిగటకు అంటుకునేది, వెలుతురు మూసుకపోతాది కాబట్టి పాచి మళ్లా పైకి పాకి ఇంకో పొర, మళ్లా బురద, మళ్లా పొర. మన పాత గోడలకు ఏటేటా కొట్టిన సున్నం పెచ్చు ఊడితే వరసలు కనపడతాయే, అదే. ఎముక లేదు, పెంకు లేదు, మిగిలింది అవి చేసిన పని మాత్రమే. వయసు దాదాపు 190 కోట్ల ఏండ్లు. ఇట్లాంటి పాచే లోకమంతా కలిసి మనం పీల్చే ఆక్సిజన్‌ను గాలిలో నింపింది. ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట ఇప్పటికీ బతికే ఉండాయి. ఒక గొర్రెల కాపరి వచ్చి, ఏం దొరికింది సామీ, వజ్రాలా అన్నాడు. పాచి అంటే మా దిక్కు అదోలా చూసి పోయినాడు! అచ్చం ఆకు మాదిరి ఉన్నదేమో ఆకు కాదు, ఏమీ లేనట్టు ఉన్నదాంట్లో ఇంత కత. చిన్న ముక్క తెచ్చుకుంటా అంటే పిల్లోడు ఒప్పుకోలా, ఉన్నచోట ఉంటేనే అది ఏదైనా చెప్తాదన్నా అన్నాడు.

హైదరాబాద్ వచ్చినాంక ఆ ఊపులో పాపను బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసకపోయినా. అక్కడ కోటసారస్ అనే డైనోసార్ ఎముకల గూడు ఉంది కదా, 44 అడుగుల పొడుగు, ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో యాదగిరి గారు దానికి పేరు పెట్టినారు. మనం కాలేజీ రోజుల్లో చూసినాం గానీ మన చూపంతా వేరే కాలేజీ బ్యాచ్ మీద ఉండె, ఒప్పుకో. ఎముకలు 840 దాకా దొరికినాయంట, అవి ఒక్కదానివి కాదు, తక్కువంటే పన్నెండు జంతువులవి కలగాపులగంగా. తల మాత్రం దొరకలా, రెండు పళ్లు తప్ప. పైన పెట్టింది మనుషులు ఊహించి చేసిన తల. పాపకు చెప్తే, మరి నవ్వుతాంది కదా నాన్నా అనింది. ఏం చెప్పల్ల!

మరిచిపోయినా, బేతంచెర్ల దగ్గర బిలసర్గం గుహలు, మనం సైకిళ్లేసుకోని పోయి గబ్బిలాలకు భయపడి పరిగెత్తినాం చూడు, 1884లో బ్రూస్ ఫూట్ అనే తెల్లదొర, ఆయన కొడుకు అక్కడ తవ్విస్తే బయటపడిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉండాయి. దాని పేరు ఏం పెట్టినారో తెలుసా, రైనోసెరస్ కర్నూలియెన్సిస్. కర్నూల్లో ఖడ్గమృగం రా!

ఆ బండను అమ్మ పారేయనీలా. ఆకు కాదంట అని చెప్పినా వినలేదు, బోరింగ్ దగ్గర వేయించుకోని దాని మీదే అంట్లు తోముతాంది. నీ ఇరవై ఫోన్‌పే చేసినా చూసుకో, వడ్డీ అడగొద్దు. సంక్రాంతికి వస్తే వేంపల్లె పోదాం, నీళ్ల బాటిళ్లు మాత్రం నాలుగు ఎక్కువ పట్టుకోవల్ల, తాగేదానికి కాదు.

నీ
బండ మామ