రివ్యూ రాసినాయన ఎంతసేపు చూశారో కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, మీ ఆదివారం కళల పేజీ మాత్రం వదలకుండా చదువుతాను. ఈమధ్య మా ఒడిశా గంజాం జిల్లాలో రాత్రంతా పాటా ఆటాగా ఆడే ప్రహ్లాద నాటకం మీద మీరు ఒక రివ్యూ వేశారు. "నిష్పక్షపాతంగా చూస్తే" అని మొదలెట్టి గోల ఎక్కువ, నిగ్రహం తక్కువ, సంగీతం అటు ఒడిస్సీ కాదు ఇటు కర్ణాటకం కాదు ఒట్టి కలగాపులగం అని తేల్చేశారు. ఆయనకి నచ్చలేదు, సరే, ఎవరి ఇష్టం వాళ్ళది. ఆ నిష్పక్షపాతం అనే ముక్క దగ్గరే నాకు మండింది.

ఈ నాటకం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జలంత్ర రాజా రామకృష్ణ ఛోట్రాయ్ పేరు మీద వచ్చింది. జలంత్రకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో కంచిలి పక్కన ఉంది, ఆట మాత్రం ఇటు గంజాం ఊళ్ళలో ఆడతారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మధ్యలో గీత పడింది గానీ, రాజావారి టైముకి ఆ రాగాలూ ఈ రాగాలూ రెండూ ఇంట్లోవే కదండీ. మరి కలగాపులగం అనేది దాని లోపమా, దాని పుట్టుకా? భువనేశ్వర్ నుంచి వచ్చినాయనకి ఇందులో తెలుగు వాసన కొడుతుంది, వైజాగ్ నుంచి వచ్చినాయనకి ఒడియా వాసన కొడుతుంది, ఇద్దరూ తమకి పక్షపాతం లేదనే రాస్తారు. నాకైతే ఉంది, చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆట, ఉండకుండా ఎలా ఉంటుంది.

అలాగని అంతా ఎవరికి తోచింది వాళ్ళదే అంటే కూడా ఒప్పుకోను. ఈ ఆటకి వేదిక మెట్లు మెట్లుగా కడతారు, పైన సింహాసనం. హిరణ్యకశిపుడు బరువైన వేషంతో కత్తి తిప్పుతూ ఆ మెట్లు దిగాలి, ఎక్కాలి, మద్దెలకి తగ్గట్టు అడుగు పడాలి, మధ్యలో పాట తెగకూడదు. ఏ ఊరి వేషగాడు గొప్పోడు అనే దాని మీద మా బావకీ నాకూ ఎప్పుడూ పడదు, కానీ మెట్టు దిగుతూ ఊపిరి చాలక చరణం మింగేసినోడిని చూస్తే మాత్రం ఇద్దరం ఒకేసారి అబ్బే అంటాం. దరువు తప్పిందా, ఏ ఘట్టం కోసేశారు, ఏ రాగం అందుకున్నారు, ఇవన్నీ చూసి చెప్పగలిగేవే, ఇక్కడ తప్పు రాస్తే అది అభిప్రాయం అవ్వదు, తప్పే.

ఇంకోటి. నరసింహుడి మొహానికి, అంటే ముఖానికి కట్టుకునే ముసుగుకి, పూజ చేసి ఆట చివర్లో బయటికి తీస్తారు. అది కట్టుకున్న మనిషికి పూనకం వచ్చిందంటే నలుగురు పట్టుకున్నా ఆగడు. రాత్రంతా కూర్చున్నది దాని కోసమే. మీ రివ్యూలో ఆ మొహం ఊసే లేదు! ఆయన ఎన్నింటికి లేచి వెళ్ళిపోయారో నేను చెప్పలేను గానీ, అది కూడా రాసి ఉంటే చదివేవాళ్ళకి సగం అర్థమైపోయేది.

నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ప్రదర్శన బాగోగులు తేల్చడానికి పదిమందిని పెట్టాడు భరతుడు, ప్రాశ్నికులు అని. యజ్ఞం తెలిసినోడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినోడు, వ్యాకరణం తెలిసినోడు, రాజు, విలువిద్య తెలిసినోడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజోద్యోగి. ఎవరికి తెలిసిన దాని మీద వాళ్ళే మాట్లాడాలి. కుర్రాళ్ళకి శృంగారం, ముసలాళ్ళకి పురాణాలు నచ్చుతాయని కూడా అక్కడే రాసేశాడు. అన్నీ తెలిసిన ఒక్క మనిషి కోసం ఆయన వెతకలేదు, మీ పేజీ ఏమో ఒక్కరి చేతే అన్నీ చెప్పిస్తోంది.

కోర్టులకెక్కినా ఇది తేలలేదు. 1878లో లండన్‌లో విస్లర్ అనే పెయింటర్, తన బొమ్మని ఛీ అన్నాడని రస్కిన్ అనే విమర్శకుడి మీద పరువునష్టం కేసు వేస్తే, గెలిచావు పో అని ఒక్క ఫార్దింగ్ ఇప్పించారు, మన కాణీ లాంటిది. మన దగ్గర స్కూల్ పోటీల్లో అయితే ఇంకా సుఖం, భావానికి పదికి ఆరున్నర వేసేస్తారు, ఆ అర ఎక్కడ పోయిందో పిల్లకీ తెలీదు, వేసినాయనకీ తెలీదు, పాయింట్లు ఉన్నాయి కాబట్టి అంతా న్యాయంగా జరిగినట్టే.

నేను అడిగేది చిన్న సంగతండీ. ప్రతి రివ్యూ కింద రెండు లైన్లు వేయండి, రాసినాయనకి ఆ ఆట భాష వచ్చా రాదా, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా కూర్చున్నారు, ఇంతకుముందు ఎప్పుడైనా చూశారా. వీలైతే అదే ఆట మీద మద్దెల వాయించేవాళ్ళ మాట ఒకటి, ఆ ఊరి ముసలావిడ మాట ఒకటి పక్కనే వేయండి, అవి రివ్యూతో కలవకపోయినా పర్వాలేదు. చోటు లేదంటారేమో, జ్యోతి వెలిగించిన నాయకుడి ఫోటో మూడు కాలమ్స్ వేశారు కదా, అది ఒక కాలమ్‌కి తగ్గిస్తే సరిపోద్ది.

ఇట్లు,
మీ పాఠకుడు, బరంపురం