మన డిబేట్, ఆ వీడియో, ఆ కామెంట్లు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మామూలు విషయాలు ముందే చెప్పేస్తాను. అర్ధ సంవత్సర పరీక్షల టైంటేబుల్ డైరీల్లో అంటించాం, ఐడీ కార్డు పోగొట్టుకున్నవాళ్ళు ఆఫీసులో చెప్పండి, పదో తరగతి స్పెషల్ క్లాసులు సోమవారం నుంచి. ఇక వారం నుంచి మీరంతా మాట్లాడుకుంటున్న సంగతికి వస్తాను.

వార్షికోత్సవంలో డిబేట్ అంశం "ఆడపిల్ల భద్రత ఆమె చేతుల్లోనే ఉంది". ఎవరు ఏ పక్షం మాట్లాడాలో చీటీలు తీసి నిర్ణయించాం, ఇది చాలామందికి తెలిసినట్టు లేదు. అనుకూలం చీటీ వచ్చిన అబ్బాయి ముల్లు, అరిటాకు సామెత చెప్పాడు, హాలంతా చప్పట్లు. తర్వాత లేచిన తొమ్మిదో తరగతి అమ్మాయి (పేరు రాయను, గ్రూపులో ఇప్పటికే కావలసినంత రాశారు) ఏమందంటే, "ముల్లుకి బుద్ధి ఉండదు, గుచ్చుకోవడం తప్ప దానికి ఇంకోటి రాదు. మగవాళ్ళు కూడా అంతేనా? ఈ సామెత మా నాన్నని, మా అన్నయ్యని ముళ్ళంటోంది, మీకెవరికీ కోపం రాలేదా?" అని. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఆ సామెతకి ఇంత మంచి జవాబు నేను వినలేదు. నాకే తట్టలేదు.

రాత్రికల్లా ఆ వీడియో క్లాస్ గ్రూపుల్లోకి వచ్చేసింది. "ఏం నోరండీ బాబూ", "పెంపకం అలా ఉంది మరి", "రేపు అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తుందో". ఆమె యూనిఫాం మీద కూడా ఒకరు కామెంట్ పెట్టారు, అది మన స్కూలు ఇచ్చిన యూనిఫామే. ఇన్ని మాటల్లో ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం ఒక్కటీ లేదు. ఆమెకన్నా గట్టిగా అరిచి మాట్లాడిన అబ్బాయికేమో "లీడర్ అవుతాడు" అని దీవెనలు. ఆడపిల్లకి అన్యాయం జరిగితే ఏ బట్టలేసుకుంది, ఏ టైంలో వెళ్ళింది అంటాం, ఆ అన్యాయం గురించి నోరు విప్పితే గొంతు ఎందుకంత పెద్దది అంటాం. ఎటు తిరిగినా విచారణ ఆమె మీదే.

ఇలా అనేవాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననుకోను. మెల్విన్ లెర్నర్ అనే సైకాలజిస్టు 1966లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ఒక యువతికి కరెంటు షాకులు తగులుతున్నట్టు కొందరికి చూపించారు (నిజానికి ఆమె నటిస్తోంది). ఆమె బాధని ఆపే దారి తమకి లేనప్పుడు, చూస్తున్నవాళ్ళు ఆమెనే తక్కువ చేసి మాట్లాడటం మొదలుపెట్టారు. మంచివాళ్ళకి మంచే జరుగుతుందన్న నమ్మకం కాపాడుకోవడానికి మనసు వేసే ఎత్తు అది. తప్పు ఆమెదే అనుకుంటే మన ఇంటి పిల్లకి ఏమీ కాదన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఖర్చు మాత్రం ఆ పిల్లే భరించాలి.

మా ఎనిమిదో తరగతి లైబ్రరీ బృందం ఈ గొడవ జరిగాక ఊరుకోలేదు, మథుర కేసు వెతికి తీశారు. అది ప్రతి ఇంట్లో తెలియాలని నా పట్టుదల కాబట్టి కాస్త ఓపిక పట్టండి. మథుర ఆదివాసీ అమ్మాయి. 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్లోనే తనపై అత్యాచారం జరిగిందని చెప్పింది. ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించినట్టు లేదు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఆ ఇద్దరు పోలీసుల్నీ నిర్దోషులంది. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, నలుగురూ న్యాయశాస్త్రం చెప్పేవాళ్ళు, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నారు. మహిళా సంఘాలు రోడ్డెక్కాయి, 1983లో చట్టం మారింది, కస్టడీలో జరిగిన కేసుల్లో తను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెప్తే ఆ మాటనే ముందుగా నమ్మాలన్నారు. అయినా బాధితురాలి నడత మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయించే వీలు 2002 నాటి సవరణ దాకా సాక్ష్య చట్టంలో అలాగే ఉంది! ఆడవాళ్ళ బట్టల్ని బట్టి, అలవాట్లని బట్టి తీర్మానాలు చేయొద్దని 2023లో సుప్రీంకోర్టు జడ్జీల కోసమే ఒక కరదీపిక వేయాల్సి వచ్చింది. పదమూడేళ్ళ పిల్లలు ఇదంతా చార్టు మీద రాసి వరండాలో పెట్టారు. స్కూలుకి వచ్చినప్పుడు ఫోన్ జేబులో పెట్టి ఒకసారి చదవండి.

పిల్లల మీద మీ ప్రేమని నేను శంకించడం లేదు, జాగ్రత్తలు చెప్పొద్దనీ అనడం లేదు, నేనూ చెప్తాను. కానీ టీవీలో వార్త రాగానే "ఆ టైంలో దానికి అక్కడేం పని" అని మనం తేలిగ్గా అనేస్తాం, పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న మీ అమ్మాయి వింటుంది. రేపు బస్సులో ఎవడైనా ఆమెని వేధిస్తే ఇంటికొచ్చి మీకు చెప్తుందా? చెప్పదు. మీరేమంటారో ఆమెకి ముందే తెలుసు కదా. ఇంకోటి, ఆలస్యంగా వస్తే చెల్లెల్ని నిలబెట్టి అడుగుతారు, అన్నయ్యకి అన్నం వడ్డిస్తారు. ఇది నా ఊహ కాదు, మీ పిల్లలే వ్యాసాల్లో రాశారు.

అనుకూలంగా మాట్లాడిన ఆ అబ్బాయి గురించి కూడా చెప్పాలి. వీడియో తీసేయమని గ్రూపులో అడగమని వాళ్ళ నాన్నగారిని బతిమాలాడట. ఆయన అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను, ఈ రాత్రికల్లా తీసేయండి, కామెంట్లతో సహా. శనివారం మీటింగులో దీని గురించే మాట్లాడుకుందాం, అమ్మల్ని పంపించేసి నాన్నలు ఇంట్లో కూర్చోవడం ఈసారి కుదరదు. అంతర్ పాఠశాలల డిబేట్‌కి మన తరఫున వెళ్తున్నది ఈ ఇద్దరే, మళ్ళీ చీటీలే తీస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు